చున్నీ చాటు ముఖాలు

బొల్లారంలో ఒక మందుల కంపెనీలో కార్మికుల గుర్తింపు కార్డులకు ఫొటోలు తీయడం నా ఉద్యోగం. కెమెరా వెనక నిలబడితే మనుషుల్ని ఎంతసేపు చూసినా ఎవరూ తప్పుపట్టరు. నాలాంటి బెరుకు మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ప్యాకింగ్ గదిలో రసాయనాల ఘాటుకు ఒకామె పడిపోయింది. మర్నాడు షిఫ్టు దిగిన కాంట్రాక్టు ఆడవాళ్లు కొందరు, గదిలోకి గాలి వచ్చే ఏర్పాటు చేయాలని గేటు ముందు కూర్చున్నారు. పని పోతుందన్న భయంతో ముఖాలకు చున్నీలు కట్టుకున్నారు. వాళ్లలోనే ఒకామె ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. అది పేపర్లోనూ వచ్చింది.

ఆఫీసు సారు నన్ను పిలిచి ఆ ఫొటో చూపించాడు. "నీకు ముఖాలు బాగ యాదుంటయట గద. ముందల చెయ్యి లేపింది ఎవరు?"

కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎండకు ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది. కార్డు కోసం ఫొటో తీసిన రోజు ఫ్లాష్ పడకముందే ఆ కన్ను మూసుకునేది. ఐదుసార్లు తీయాల్సొచ్చింది. "నా కన్నుకు సిగ్గెక్కువ చెల్లె, అచ్చం నీలెక్కనే" అని ప్యాకింగ్‌లో పనిచేసే ఆ అక్క పకపకా నవ్వింది.

తెలియదని చెప్పొచ్చు. కానీ ఆ గదిలో నన్ను కూర్చోమని కుర్చీ చూపించడం అదే మొదటిసారి. పేరు చెప్పాను.

"శెభాష్" అన్నాడు సారు. ఆ రోజు డైరీలో ఆ మాటే రాసుకున్నాను. అక్క గురించి రాయలేదు.

రెండు రోజులకే అక్కను పనిలోంచి తీసేశారు. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి పటాన్‌చెరు పోయే షేర్ ఆటోలో అక్క కూర్చుని ఉంది. గేటు దగ్గర ఫోనుతో ఫొటో తీసినామె ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడికెక్కుతవే? నీ ఫొటో షోకుకు నా బతుకు ఆగమైంది."

"మన గోస నలుగురికి ఎరుకైతదని పెట్టినక్కా. అందరం చున్నీలు కట్టుకుంటిమి గద, ఎట్ల గుర్తువడతరు?"

"నువ్వు జెప్తే గుర్తువట్టరా? గందుకే నీ పని నీకుంది, నాది వోయింది."

"ఇంకో ఆటో సూస్కోపో, ఫొటోలమ్మా" అని లోపలి నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆమె ఏడుస్తూ పక్కకు తప్పుకుంది.

అక్క నా కోసం జరిగింది. "నువ్వు రా చెల్లె, కూసో."

కూర్చున్నాను. ఆటో కదిలాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆఫీసులనే ఉంటవ్ గద, నీకెరుకే ఉంటది. నా పేరు అదే చెప్పింది గదా?"

"అదే అయ్యుంటదక్కా" అన్నాను.