వణుక్కి ఒక పని

డెబ్బైల్లో తిరువూరు బస్టాండులో బెజవాడ బస్సు కోసం ఎదురుచూడటం ఒక ఉద్యోగంలాగే ఉండేది. ఆ మధ్యాహ్నం నేను గోడవైపు తిరిగి, మర్నాడు యూనివర్సిటీలో చెప్పాల్సిన సెమినారు గొణుక్కుంటున్నాను.

"గోడతో తగువేంటి బాబూ?" అన్నారు బల్లమీది పెద్దాయన. పక్కనున్న నెమలి అనే ఊరి గుళ్లో రాత్రంతా హరికథ చెప్పి వస్తున్న దాసుగారట. నుదుట నామం చెరిగిపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి.

"రేపు క్లాసు ముందు మాట్లాడాలండి. పోయినసారి చేతులు వణికి, ఒక్క ముక్కా రాక కూర్చుండిపోయాను. ఈసారీ అంతే అయితే పరీక్షకు పంపనన్నారు మా సార్."

ఆయన సంచిలోంచి చిడతలు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇవెందుకో తెలుసా?"

"తాళం వెయ్యడానికండి."

"జనం అలాగే అనుకుంటారు. రాత్రి కూడా నాకు చేతులు వణికాయి. వణుకు పోదు నాయనా. దానికో పని చెప్పుకోవాలి, అంతే."

చిడతలు తీసుకుని, గోడకు ఆనుకుని నిద్రపోయారు. నా బస్సు వచ్చింది. లేపుదామనుకున్నాను గానీ, ఆయన బస్సేదో తెలియక ఊరుకున్నాను.

మర్నాడు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. చేతులు మామూలుగానే వణికాయి. మాటలు మాత్రం వచ్చాయి, గొప్పగా కాదు, పరీక్షకు పంపేటంత.

తర్వాత నేనే లెక్చరర్నయ్యాను. రిటైరయ్యేదాకా వేళ్లమధ్య సుద్దముక్క తిప్పుతూనే పాఠం చెప్పాను. అది నా స్టైలని పిల్లలు అనుకునేవారు, కొందరు నేర్చుకున్నారు కూడా. నేను కాదనలేదు.