పెద్ద సత్తు గ్లాసు

మొన్న మిస్సిసాగాలో ఒకరింటి గృహప్రవేశానికి వెళ్తే, హాల్లో అద్దాల బీరువాలో సత్తు గ్లాసులు వరసగా పేర్చి, పైన చిన్న లైట్లు కూడా వెలిగించి అలంకారానికి పెట్టారు. చూసి నాకు ఒళ్ళు మండింది. తాగడానికి చేసిన గ్లాసుకు ఆ గతేమిటి? మన వయసు వాళ్ళకు సత్తు సంగతి చెప్పక్కర్లేదు. కింద పడితే సొట్ట పడుతుంది, ఉత్తగా పొయ్యి మీద పెడితే కరిగిపోతుంది, వేడి టీ పోస్తే చేత్తో పట్టుకోలేం. అయినా ఆ రుచి వేరు.

మావారు పోయాక, వాన్ అనే ఈ ఊళ్ళో మా ఇంటి బేస్‌మెంట్‌ను మనవైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు అద్దెకిచ్చాను. కాలేజీలన్నీ మన పిల్లలతో కిటకిటలాడుతున్న రోజులవి. ఆదివారం సాయంత్రం అందరూ పైకొచ్చి, స్వెటర్ చేతులు అరచేతుల మీదికి లాక్కుని, ఊదుకుంటూ నా సత్తు గ్లాసుల్లో టీ తాగేవారు. వాటిలో మా అత్తగారిది ఒకటి పెద్దది. ఆ వారం చదువుకు తగ్గ ఉద్యోగం ఎవరికొస్తే వాళ్ళకే అది అని పిల్లలే నియమం పెట్టుకున్నారు. మొదట్లో దానికోసం ఎంత సందడో. తర్వాత ఉద్యోగాలు కరువయ్యాయి, వర్క్ పర్మిట్ల గడువు మాత్రం దగ్గరపడింది. వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి వచ్చిన పిల్లలు చిన్న గ్లాసులు తీసుకుని, తలలు వంచుకుని తాగేవారు.

అందరికంటే ముందు పర్మిట్ అయిపోయేది కరీంనగర్ అమ్మాయికి. ఒక ఆదివారం తనే లేచి పెద్ద గ్లాసు అందుకుంది.

"దొరికిందాంటీ. మండే జాయిన్ అవుతున్న" అంది.

పిల్లలు ఎగిరి గంతేశారు, నేను అప్పటికప్పుడు రవ్వకేసరి చేశాను. ఆ అమ్మాయి మాత్రం నెమ్మదిగా, చివరి చుక్క దాకా తాగింది.

సోమవారం ఆమె వెళ్ళింది ఎయిర్‌పోర్టుకు. ఉద్యోగమూ లేదు, ఏమీ లేదు. వెళ్ళిపోయేలోగా ఒక్కసారైనా ఆ గ్లాసులో తాగాలనుకున్నానని, తన గదిలో ఉండే అమ్మాయికి తర్వాత ఫోన్ చేసి ఏడ్చిందట. అది విన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఆశపెట్టి పంపిన ఏజెంట్ల మీద, రమ్మన్న కాలేజీల మీద, ఈ దేశం మీద పట్టరాని కోపం వచ్చింది. వచ్చి ఏం లాభం, ఎవరి మీద చూపను?

ఇప్పుడు కింద ఇద్దరే మిగిలారు. పిలిస్తే వస్తారు, ఏ గ్లాసు ఇస్తే అందులో తాగుతారు. వాళ్ళలో ఒకమ్మాయికి మంచి ఉద్యోగం వచ్చి నెల దాటిందని ఈమధ్య గుళ్ళో ఎవరో అంటే తెలిసింది. ఆ నెలంతా ఆదివారం ఆదివారం నా ఎదుట కూర్చుని టీ తాగింది, పక్కపిల్ల బాధపడుతుందని ఆ మాట నోట రానివ్వలేదు.