అతగాడు చూడని కచేరీ

ఇంటికొచ్చి టీ కప్పు పట్టుకున్న ప్రతివాడికీ మొగుడు ఆ కచేరీ కథ వినిపిస్తుంటే టైలరమ్మకు ఒళ్ళు మండిపోతుంది. మండదా మరి? కచేరీకి వెళ్ళింది ఆవిడ. మొగుడు అప్పటికి ఈ ఊరి ముఖమే చూడలేదు.

పెళ్ళికి ముందు, కుట్టుపని నేర్చుకునే రోజుల్లో, అక్కచెల్లెళ్ళ బ్యాండొకటి ఊరి మైదానంలో పాడింది. వాళ్ళంటే ఆవిడకు ప్రాణం. పని ఎక్కువుందని నాన్నతో అబద్ధమాడి వెళ్ళింది. ముందు వరసలో కర్రల కంచెకు అతుక్కుని, గొంతు పోయేదాకా అరిచింది. ఇంటికొచ్చాక నాన్న చెంప పగలగొట్టాడు. పగిలితే పగిలింది. ఎవరి అనుమతీ అడక్కుండా ఆవిడ దక్కించుకున్న సాయంత్రం జన్మకు అదొక్కటే.

కొత్త కాపురంలో మురిసిపోయి మొగుడికి చెప్పుకుంది. అక్కడే పప్పులో కాలేసింది. అతను కార్లు నడపడం నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని నోరు ఆడించడమే ఉద్యోగం. మొదట "మా ఆవిడ వెళ్ళిందట" అనేవాడు. కొన్నాళ్ళకు "మేం వెళ్ళాం" అయింది. తర్వాత ఆవిడ పూర్తిగా మాయమైంది. కంచె అతగాడిదే, పోయిన గొంతు అతగాడిదే, సిగ్గు లేకుండా ఆ చెంపదెబ్బ కూడా అతగాడిదే! మధ్యలో ఏదైనా మరిచిపోతే ఆవిడ వైపు చూస్తాడు. నలుగురిలో పరువు తీయడమెందుకని ఆవిడ పళ్ళు నూరుకుంటూనే అందిస్తూ వచ్చింది.

ఆ ఆదివారం పై వాటాలో కొత్తగా దిగిన ఎలక్ట్రీషియన్ టీకి వచ్చాడు. ఆవిడ మిషను ముందు కూర్చుని స్కూలు చొక్కాకు కాలరు వేస్తోంది. మొగుడు కథ ఎత్తుకున్నాడు.

"మీరూ వెళ్ళారా వదినా?" అని అడిగాడు ఎలక్ట్రీషియన్.

"దానికి పాటలేం తెలుసయ్యా! గుండీలూ కాజాలూ అడుగు, చెబుతుంది," అని మొగుడు పగలబడి నవ్వాడు.

మిషను ఆగింది.

"ఆ రోజు స్టేజీకి వైర్లు లాగినవాళ్ళలో నేనూ ఉన్నా అన్నయ్యా," అన్నాడు ఎలక్ట్రీషియన్ సంబరంగా. "మధ్యలో కరెంటు పోయింది కదా! అప్పుడు బ్యాండులో పెద్దక్క ఏం చేసిందో గుర్తుందా? కంచె దగ్గరున్నవాళ్ళు చచ్చినా మరిచిపోరు."

ఆవిడ మరిచిపోలేదు. పెద్దక్క చీకట్లో స్టేజీ అంచుకు వచ్చి, ఎత్తు మడమల చెప్పులు విప్పి, "కాస్త పట్టుకో చెల్లీ" అని ఆవిడ చేతిలో పెట్టింది. కిందకు దిగి, మైకు లేకుండా జనం మధ్య పాడింది. పాట అయ్యేదాకా ఆవిడ ఆ చెప్పులు గుండెకు హత్తుకుని నిలబడింది. ఎందుకో ఆ ఒక్క ముక్కా మొగుడికి ఏనాడూ చెప్పలేదు. చెప్పనందుకు ఇవాళ ప్రాణం లేచొచ్చింది.

మొగుడు అలవాటు చొప్పున ఆవిడ వైపు చూశాడు.

"ఏమే, నీకు చెప్పాను కదా... ఏం జరిగిందే?"

ఆవిడ దారం పుటుక్కున కొరికింది.

"గుండీలూ కాజాలూ అయితే చెబుదును. కచేరీకి వెళ్ళింది మీరు కదండీ. చెప్పండి, పాపం తమ్ముడు అడుగుతున్నాడు."

ఎలక్ట్రీషియన్ కప్పు కింద పెట్టి మొగుడి ముఖంలోకి చూస్తున్నాడు. ఆవిడ కాలరు సూది కిందకు జరిపి మిషను తొక్కసాగింది.