తారు మీది గోల్‌కీపర్

నగేశ్ ఏ గుమ్మం దాటినా రెండు పక్కలా చేత్తో తడతాడు. గోల్‌కీపర్లు పోస్టులను తట్టి చూసుకునే అలవాటది. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ. లారీ మీంచి విసిరిన పుచ్చకాయ అతని గుండెల మీదికొచ్చి చప్పుడు లేకుండా ఆగుతుంది. భూటాన్‌లో దేశదేశాల క్లబ్బులు ఆడే ఫుట్‌బాల్ టోర్నీకి కలకత్తా క్లబ్బొకటి అతన్ని రమ్మంది. బయల్దేరాల్సిన రోజే సకల జనుల సమ్మెలో రైళ్లు నిలిచిపోయాయి. స్టేషన్ నుంచి తిరిగొచ్చి సంచి దించుతూ, "తెలంగాణ వద్దని ఎట్లంటనే?" అన్నాడు తల్లి సైదమ్మతో. ఎవర్ని తిట్టాలో ఆమెకూ తోచలేదు.

భూటాన్‌లో ఆ క్లబ్బు మొదటి మ్యాచ్ ఆడే నాడు ఇక్కడ ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డుకు ఒక పక్క అన్నం ఉడుకుతోంది, ఇంకో పక్క సమ్మెకారులు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. రెండు రాళ్లు పెట్టి మధ్యలో నగేశ్‌ని నిలబెట్టారు. అతను వంగి ఆ రాళ్లను తట్టాడు. తర్వాత ప్రతి బంతికీ తారు మీద పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. పప్పు కలుపుతున్న సైదమ్మ గంటె వదిలి, పసుపు తెచ్చి చెక్కుకుపోయిన మోచేతులకు అద్దింది.

"గింత ఎందుకు పడ్డవ్ బిడ్డా? తారు రోడ్డాయె."

నగేశ్ ఒళ్లోని బంతిని వదల్లేదు.

"ఆడ మొత్తం గడ్డి ఉంటదంటనే, అమ్మా."