దర్జీ చిలుక చుట్టుకొలత

"ఈ పక్షి చావాలని ఉందా నీకు?"

పశువుల డాక్టరమ్మ మొహం మీదే అలా అడిగేసరికి దర్జీ పంజరాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ముప్పై ఏళ్లుగా పేటలో అందరి నడుములూ కొలిచిన మనిషి. ఆ పొద్దున్నే టేపుతో చిలుక ఛాతీ కూడా కొలిచి, అర అంగుళం పెరిగిందని కొట్లో గొప్పలు పోయాడు. ఒళ్లు చేయడమంటే అతని లెక్కలో కలిసిరావడమే. ఎవరికి చొక్కా కుట్టినా, రేపు బొజ్జ వస్తే విప్పుకోవచ్చని లోపల రెండువేళ్ల గుడ్డ మడిచి ఉంచేవాడు. చిలుక ఈమధ్య కాస్త ఆయాసపడుతోందని మాత్రమే తెచ్చాడు.

"కాలేయం నిండా కొవ్వు. ఏం పెడుతున్నావు?"

"పొద్దుతిరుగుడు గింజలండీ. అడిగినన్ని."

"అడుగుతుందా?"

అడుగుతుంది. అదే అసలు తంటా. చిలుకను కొన్న ఏడాది కూతురికి ఆరేళ్లు. మిషను కింద గుడ్డపీలికలు ఏరుకుంటూ, గింజల డబ్బా చప్పుడైతే చాలు, "నాన్నా, ఇంకొంచెం!" అనేది. ముందు పళ్లు ఊడిన నోట్లోంచి ఆ మాటతో పాటు చిన్న ఈల వచ్చేది. చిలుక ఈలతో సహా నేర్చుకుంది. తర్వాత కూతురికి పళ్లొచ్చాయి, పెళ్లయింది, బస్సు కండక్టరు ఉద్యోగమొచ్చింది. "ముందుకు జరగండి" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఆరేళ్ల పిల్ల మాత్రం పంజరంలోనే ఉండిపోయింది. మిషను ఆగగానే, "నాన్నా, ఇంకొంచెం!" ఏ తండ్రి చెయ్యి ఆగుతుంది?

ప్రేమగా పెట్టిందేదైనా ఒంటికి పడుతుందంటారు. శుద్ధ అబద్ధం. కాలేయానికి ప్రేమ సంగతి తెలియదు.

డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. తరిగిన క్యారెట్టు, ఆకుకూర, ఉడికించిన ధాన్యం, చిలుకల కోసమే చేసిన మేత బిళ్లలు. ఆపిల్ పెడితే గింజలు తీసేయాలి. టీ, ఉప్పు బిస్కెట్లు, అవకాడో దగ్గరికి రానివ్వకూడదు. పొద్దుతిరుగుడు ఒక్కసారిగా మానిపించి కడుపు మాడ్చొద్దు, తూకం చూసుకుంటూ వారం వారం తగ్గించాలి.

మొదటి వారం చిలుక క్యారెట్టు ముక్కలన్నీ ఎవరిదో కొత్త కోటు మీదికి విసిరింది. రెండో వారం ఒళ్లు ముడుచుకొని, మెల్లగా, "నాన్నా, ఇంకొంచెం" అంది. దర్జీ చెయ్యి డబ్బా మీదికి పోయింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కూతురు, టికెట్ల సంచి భుజాన ఉండగానే, మూత మీద అరచెయ్యి పెట్టింది.

"అది నేను కాదు నాన్నా. నేనిక్కడున్నాను."

"అచ్చం నీలాగే అడుగుతోందే తల్లీ!"

"నాకూ అడిగినన్ని పెట్టావుగా. కడుపునొప్పితో బడి ఎగ్గొట్టింది ఎవరనుకున్నావు?"

దర్జీ నవ్వాడు. కానీ తన చేతిని తనే నమ్మలేక డబ్బా ఆమెకే ఇచ్చేశాడు. అంతకుముందు నెలకోసారి కనిపించే కూతురు రోజూ చెంచాడు గింజలు పొట్లం కట్టి, డ్యూటీకి పోతూ, కొట్లో అడ్డంగా నిలబడ్డవాళ్లను బస్సులోలాగే "ముందుకు జరగండి" అని అరిచి, ఇచ్చి వెళ్లడం మొదలుపెట్టింది.

మూడు నెలలకు చిలుక క్యారెట్టుకు అలవాటుపడింది. అడిగినా ఏమీ రాలని ఆ మాటను క్రమంగా వదిలేసింది. ఇప్పుడు మిషను ఆగితే, "ముందుకు జరగండి!" అంటుంది, బొంగురుగా. ఈల వినపడి ఏడాది దాటింది. దర్జీ ఒక్కోసారి కుట్టు మధ్యలో ఊరికే మిషను ఆపి చూస్తాడు.

ఫీజులో సగం పక్షి బరువు దిగాక ఇవ్వమంది డాక్టరమ్మ. ఇంకా పన్నెండు గ్రాములు దిగాలి. మూడు వందలు బాకీ.