రెండు ఎడమచేతుల లహర్

1997 వేసవికి ముందు మాట ఇది. ఊరి పేరు చెన్నైగా మారి ఏడాది నిండలేదు. మా అట్టపెట్టెల మీద ఇంకా మద్రాసు అనే అచ్చయి ఉండేది. అంబత్తూరు ఎస్టేటులో ప్లాస్టిక్ బొమ్మలు చేసే ఒక కంపెనీలో నేను టూల్ రూమ్ ఇన్‌ఛార్జిని. టూల్ రూమ్ అంటే అచ్చులు తయారయ్యే గది. అక్కడ ఉక్కు దిమ్మెల్లో మేము తొలిచిన గుంటల్లోకి కరిగిన ప్లాస్టిక్ వెళ్లి, చల్లారి, బొమ్మ భాగాలుగా బయటికొస్తుంది.

ఆ ఏడాది మేము గగన్ ఫోర్స్ అనే పేరుతో ఏడుగురు సూపర్‌హీరోలు, ఒక విలన్, మొత్తం ఎనిమిది బొమ్మలు విడుదల చేశాం. అరచెయ్యంత బొమ్మలు. మెడ, భుజాలు, తుంట్లు తిరుగుతాయి. అట్ట వెనకవైపు ఎనిమిదిమందీ వరసగా నిలబడిన రంగుల బొమ్మ, కింద ‘అందరినీ సేకరించండి’ అనే మాట ఉండేవి. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిదిమందిలో ఆరుగురిది ఒకే ఒళ్లు. కొత్త అచ్చు చేయడం కష్టం కాబట్టి తల మార్చి, రంగు మార్చి, ఇంకో పేరు పెడతాం. ఈ రంగంలో అందరూ చేసే పనే. పిల్లలు ఆడుకుంటారు, విరగ్గొడతారు, మరిచిపోతారు అన్నదే మా లెక్క. పెద్దవాళ్లు కూడా వీటిని కొని, వరస తప్పకుండా అలమారలో నిలబెట్టుకుంటారని నాకప్పటికి తెలియదు.

ఎనిమిదిమందిలో సముద్రపు వీరుడు లహర్. మిగతావాళ్లవి బిగించిన పిడికిళ్లు. లహర్ మాత్రం త్రిశూలం పట్టుకోవాలి కాబట్టి వేళ్లు కాస్త తెరిచిన చేతులు కావాలి. అందుకే అతని చేతులకు వేరే అచ్చు చేశాం. అందులో నాలుగు గుంటలు. ఒక్కో గుంటను క్యావిటీ అంటాం, ప్రతి క్యావిటీలో ఒక చిన్న అంకె చెక్కుతాం. ముక్కలో లోపం కనిపిస్తే ఏ గుంటలో పుట్టిందో ఆ అంకె చెబుతుంది. ఒకటి, రెండు కుడిచేతులు. మూడు, నాలుగు ఎడమచేతులు. అలా ఉండాలి.

గుంట తొలవడానికి ముందుగా రాగితో ఆ చేతి ఆకారం చేస్తాం. దాన్ని ఎలక్ట్రోడ్ అంటారు. దాన్ని ఉక్కు దగ్గరికి తెచ్చి విద్యుత్తు పంపితే రవ్వలు లేచి, ఆ ఆకారం ఉక్కులో గుంటగా పడుతుంది. శిల్పి నుంచి మైనపు నమూనా ఎడమచేతిది ఒక్కటే వచ్చింది. దాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి కుడిచేతికి వేరే నమూనా చేయించాలి. ఆ వారం మూడు అచ్చుల పని ఒకేసారి నా నెత్తిన పడింది. నాలుగు ఎలక్ట్రోడ్లూ ఆ ఒక్క నమూనా నుంచే తీయించేశాను.

అచ్చు పూర్తయ్యాక మొదటిసారి ప్లాస్టిక్ పోసి చూడటాన్ని ట్రయల్ షాట్ అంటారు. వేడి తగ్గకముందే నాలుగు చేతులను అరచేతిలో వేసుకున్నాను. నాలుగు బొటనవేళ్లూ ఒకే వైపుకున్నాయి. కళ్లు తప్పుచూశాయేమోనని కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. తప్పు కళ్లది కాదు.

సరిదిద్దాలంటే రెండు గుంటలున్న దిమ్మెను తీసి పారేసి కొత్తది చేయాలి. మూడు వారాల పని. సెలవులు మొదలయ్యేలోపు సరుకు అంగళ్లలో ఉండాలని పైనుంచి ఒత్తిడి. శనగగింజంత చెయ్యి, ఎవడు చూస్తాడు అనుకున్నాను. అచ్చు సరిగ్గా ఉందని కాగితం మీద సంతకం చేశాను. ఆ నాలుగు చేతులను గ్రైండరులో వేసి పొడి చేశాను. పొరపాటు ఎవరైనా చేస్తారు. గ్రైండరు దగ్గరికి నడిచింది మాత్రం పొరపాటు కాదు.

తయారైన చేతులను అంకె చూసి రెండు గంపల్లోకి వేరుచేయడం, తర్వాత గంపకొకటి తీసి బొమ్మకు తొడగడం అసెంబ్లీలో దేవకి పని. దగ్గర్లోని పాడి అనే పేట నుంచి వచ్చేది, ముప్పై ఏళ్లుంటాయి. కాంట్రాక్టులో చేరి మూడేళ్లయింది. ఆ జూన్‌లో పర్మనెంటు చేసేవాళ్ల జాబితాలో ఆమె పేరుంది. మొదటిరోజే రెండు చేతులు పట్టుకుని నా గదికి వచ్చింది.

“సార్, ఇది కుడి గంపది. ఇది ఎడమ గంపది. రెండూ ఒకే చెయ్యి మాదిరి ఉండాయే?”

నేను తల ఎత్తలేదు. “డిజైన్ అంతేమ్మా. పో, పని చూస్కో.”

“లేదు సార్, ఈ బొటనవేలు చూడండి—”

“దేవకీ, అచ్చు చేసింది నువ్వా నేనా?”

“మీరే సార్,” అని వెళ్లిపోయింది.

బొమ్మలు అంగళ్లకు వెళ్లిన నెలకు మొదటి ఉత్తరం వచ్చింది. తిరువొత్తియూరు నుంచి వరదరాజులు అనే ఆయన రాశాడు. ఆదివారాలు కలిసి బొమ్మలు చూసుకునే ఒక చిన్న సంఘం తరఫున రాస్తున్నానన్నాడు. అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉన్నాయి. ఆరుగురు వీరులకు ఒకే ఒళ్లు ఎందుకని అడిగాడు. అంగళ్లకు పంపే ఒక్కో పెట్టెలో విలన్ బొమ్మ ఒకటే ఎందుకు వేస్తున్నారన్నాడు. బెల్టు మీది వెండిరంగు వేలికి అంటుకుంటోందన్నాడు. చివర, ‘లహర్ కుడిచేతి బొటనవేలు బయటివైపుకుంది. త్రిశూలం పెడితే వెనక్కి వాలుతోంది. దయచేసి పరిశీలించగలరు’ అని రాశాడు.

మేనేజరు జవాబు రాసే పని నాకిచ్చాడు. ‘ఇది రూపకల్పనలో భాగం’ అని రాశాను. రెండో ఉత్తరం పదకొండు సంతకాలతో వచ్చింది. దానితోపాటు రెండు లహర్ బొమ్మలు కూడా వచ్చాయి.

మా మేనేజరు అమ్మకాల వైపు నుంచి వచ్చినవాడు, అచ్చుల సంగతి తెలియదు. గోదాములో లహర్ ఒక్కటీ మిగల్లేదు. చేతుల అచ్చు అప్పటికే నూనె పూసుకుని అటక మీద ఉంది. బల్ల మీద ఆ రెండు బొమ్మలు పెట్టి నన్ను పిలిచాడు.

“అచ్చులో ఏమన్నా ఉందా?”

“లేదు సార్. అసెంబ్లీలో గంపలు కలిసిపోయుంటాయి.”

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. దేవకిని పిలిపించారు. బొమ్మలు చూసి ఆమె మేనేజరుతో కాదు, నాతో మాట్లాడింది.

“నేను ఆ రోజే చెప్పినాను గదా సార్, రెండు గంపల్లోనూ ఒకే చెయ్యని?”

మేనేజరు నా వైపు చూశాడు. “నాకు గుర్తులేదు,” అన్నాను.

మర్నాడు లైన్ మధ్యలో, నలభైమంది ఆడవాళ్ల ముందు, సూపర్‌వైజరు ఆమె పేరు పిలిచి, గంపలు కలిపి సరుకు పాడుచేసిందని చెప్పి, రేపటి నుంచి రావద్దన్నాడు. జూన్ జాబితాలో ఆమె పేరు మీద గీత పడింది. నేను టూల్ రూమ్ అద్దంలోంచి చూస్తూ ఉన్నాను.

పది రోజుల తర్వాత ఒక శనివారం వరదరాజులు స్వయంగా వచ్చాడు. యాభై దాటిన, సన్నటి మనిషి. పాత బిస్కెట్ డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. మేనేజరు నన్ను కూడా కూర్చోమన్నాడు.

“మీ బొమ్మలంటే మాకు ప్రాణం సార్, అందుకే కోపం,” అన్నాడు వరదరాజులు. “మా సంఘంలో ఒకాయన మీ విలన్ కోసం పారీస్ కార్నర్‌లో పదకొండు అంగళ్లు తిరిగినాడు. పెండ్లికి పిల్లను చూసేటప్పుడు కూడా అన్ని వీధులు తిరగలే. అది పోనీ. లహర్ సంగతి చెప్పండి. త్రిశూలమే నిలపలేనోడు విలన్ని ఏం నిలపతాడు?”

మేనేజరు నవ్వాడు. ఆయనను సంతోషపెట్టే మాట తన దగ్గర ఉందనుకున్నాడు. “దానికి కారణమైన మనిషిని కనిపెట్టినాం. చేతులు కలిపేసిన ఆమెను పనిలోంచి తీసేసినాం.”

వరదరాజులు ముఖంలో నవ్వు పోయింది. “తీసేసినారా? నేను రాసిన జాబు చూసేనా?”

“మీ ఫిర్యాదు మేము సుమ్మా ఊరికే వదల్లేదు.”

ఆయన డబ్బా మూత తీశాడు. పన్నెండు లహర్లు. వేర్వేరు వారాల్లో, వేర్వేరు అంగళ్లలో సంఘంవాళ్లు కొన్నవి. వాటిని బల్ల మీద వరసగా పడుకోబెట్టి, జేబులోంచి భూతద్దం తీశాడు.

“నేను జార్జి టౌన్‌లో ఒక ప్రెస్సులో కంపోజిటర్ని సార్. పెండ్లి పత్రికలకు అక్షరాలు కూరుస్తా. సీసం అక్షరం తిరగబడి ఉంటాది, దాన్ని తిరగేసే చదవల్ల. ఇరవై ఏండ్లుగా అదే పని. అందుకని చిన్న అంకెలు కంట్లో పడతాయి. ఈ మణికట్టు దగ్గర చూడండి. ఈ చేతికి ఒకటి. ఈ చేతికి మూడు. పక్కదానికి రెండు, నాలుగు. దాని పక్కదానికి ఒకటి, నాలుగు. ఈ అంకెలెందుకు వేస్తారు?”

మేనేజరు నా వైపు తిరిగాడు. చెప్పక తప్పలేదు. ఒకటి, రెండు కుడి గంపకు, మూడు, నాలుగు ఎడమ గంపకు అని చెప్పాను.

“అట్లయితే ఆమె ప్రతి బొమ్మకూ గంపకొకటి సరిగ్గానే తీసింది గదా,” అన్నాడు వరదరాజులు. “పన్నెండు బొమ్మల్లో ఒక్కసారి కూడా తప్పలే. కుడి గంపలో వచ్చిందే ఎడమచెయ్యి. అక్షరం తిరగేసేది మరిచింది ఆమె కాదు సార్, అంతకు ముందోళ్లు.”

నేను అప్పుడు కూడా ఒకసారి తప్పించుకోవాలని చూశాను. అంకెలు సరిగ్గా పడకపోయి ఉండొచ్చన్నాను. ఆయన వాదించలేదు. భూతద్దం నా ముందుకు జరిపాడు. “మీరే చూడండి.”

చూశాను. ఒకటి అంకెకు అడుగున చిన్న గీత పెట్టడం నా అలవాటు. ఆ అంకెలు నేను చెక్కినవే. “అచ్చులోనే తప్పుంది సార్. ట్రయల్ రోజే నాకు తెలుసు. ఆమె కూడా నాతో చెప్పింది,” అన్నాను.

దీన్ని ఒప్పుకోవడం అని నేను ఎప్పుడూ చెప్పుకోలేదు. అన్ని దారులూ మూసుకుపోయాక చెప్పిన మాట అది. నాకు ఒక మెమో ఇచ్చారు, అంతే. నన్ను తీసేస్తే అచ్చులు చేసేవాడు వెంటనే దొరకడు. ఆమె చోటికి గేటు దగ్గరే ఇంకొకరు దొరుకుతారు. మా ఇద్దరినీ కంపెనీ తూచిన తక్కెడ అది. అందులో నేను హాయిగా కూర్చున్నాను.

వెళ్లేముందు వరదరాజులు గేటు దగ్గర ఆగాడు. “ఆమె ఇల్లు యాడ సార్? నేను పోయి చెప్పల్ల, నా జాబుతోనే ఆమె పని పోయింది.”

“మీరు కాదు, నేను పోవాలి,” అన్నాను.

ఆదివారం పాడికి వెళ్లాను. దేవకి గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది. కూర్చోమని స్టూలు వేసింది. జరిగిందంతా చెప్పాను, మేనేజరు మళ్లీ రమ్మన్నాడని చెప్పాను, నన్ను క్షమించమన్నాను. ఆమె చేట పక్కన పెట్టలేదు.

“పన్నెండిట్లోనూ కరెక్టుగా తొడిగినానా?”

“పన్నెండిట్లోనూ.”

“నాకు తెలుసు,” అంది. చేటలోంచి ఒక రాయి ఏరి పడేసింది. “క్షమాపణ ఈడ చెప్పితే ఎట్లా సార్? ఈ ఇంట్లో నన్ను ఎవురూ సరుకు పాడుచేసినావని అనలే. ఆడ అన్నారు, నలభైమంది ముందర. చెప్పేదుంటే ఆడ చెప్పండి. అప్పుడు వస్తా.”

ఆ తిరుగు బస్సులో అంతకంటే తేలికైన దారి ఏదైనా ఉందా అని వెతికాను. నోటీసు బోర్డులో కాగితం పెట్టొచ్చా, సూపర్‌వైజరు చేత చెప్పించొచ్చా అని. ఆమె అడిగింది అది కాదని తెలుసు.

సోమవారం ఉదయం షిఫ్టు మొదలయ్యేముందు లైన్ మధ్యలో నిలబడ్డాను. దేవకి వచ్చి తలుపు దగ్గర నిలుచుంది, లోపలికి అడుగు పెట్టలేదు. ఎక్కువమంది తమిళులు కాబట్టి తమిళంలోనే చెప్పాను. అచ్చు తప్పు నాదని, ఆమె మొదటిరోజే చెప్పిందని, గుర్తులేదని నేను అబద్ధమాడానని. నాలుగు మాటలే. అంతలో ఒక పెద్దామె, “సరే సార్, టైమయింది, మిషన్ వేయమని చెప్పండి,” అంది. దేవకి లోపలికి వచ్చి తన స్టూలు మీద కూర్చుంది.

జూన్ జాబితా అప్పటికే మూసేశారు. ఆమె పర్మనెంటు కావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదిని నేను తిరిగి ఇవ్వలేకపోయాను. కుడిచేతుల దిమ్మె కొత్తగా చేశాను, సరిగ్గా మూడు వారాలు పట్టింది. పాత లహర్లను ఉచితంగా మారుస్తామని సంఘానికి రాశాం. పదకొండు తిరిగొచ్చాయి. పన్నెండోది తనే ఉంచుకుంటానని వరదరాజులు రాశాడు. పాత లెక్కలోని మిగతా ఫిర్యాదులు మాత్రం ఆయన వదల్లేదు. బెల్టు వెండిరంగు గురించి ఇంకో రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి, అన్నింటికీ నిజమే రాశాను.

ఆ తర్వాత నేను చేసిన ప్రతి అచ్చుకూ ట్రయల్ షాట్‌ను ముందు అసెంబ్లీ బల్ల దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని. వాటిని రోజంతా వేళ్లతో తడిమేవాళ్లకు కనిపించేది, చేసినవాడికి కనిపించదు. కనిపించినా చూడాలనిపించదు. కొత్త దిమ్మె ట్రయల్ రోజు వేడివేడి చేతులు నాలుగూ దేవకి ముందు పెట్టాను. ఆమె వాటిని ఒక్కొక్కటిగా తిప్పింది, తన సొంత చేతుల పక్కన పెట్టి చూసుకుంది, తొందరపడలేదు. నేను నిలబడే ఉన్నాను.

“ఇవి రెండూ కుడి. ఇవి రెండూ ఎడమ,” అంది. “ఇప్పుడు సంతకం చేస్కోండి సార్.”