మొదటి బాస్కెట్ పడేదాకా

ఆర్డిత్ కెసింజర్ ముప్పై ఏళ్లకు పైగా ఒక్క మాట మీద బతికింది. ఆ మాట, "కూర్చో!"

మార్లో అనే చిన్న ఊళ్లో స్కూలు బస్సు నడిపేది ఆవిడ. డ్రైవరు నెత్తిన వెడల్పాటి అద్దం, అద్దంలో రెండు నీలి కళ్లు, ఆ కళ్లకు తగ్గ గొంతు. మొక్కజొన్న చేల మధ్య గతుకుల దారిలో బస్సు ఊగుతుండగా వెనక వరసలో ఎవడైనా సీటు మీంచి కాస్త లేచాడా, పేరు పెట్టి మరీ పిలిచేది. బస్సు ఆపేది కాదు, తల తిప్పేది కాదు. పిలుపు చాలు. ఈవేళ ఊళ్లో బ్యాంకు మేనేజరు, మంగలి, బాప్టిస్టు చర్చి పాస్టరు, పోలీసుల మీద పెద్దయిన షెరీఫు, అందరూ ఆ పిలుపుకి కూలబడి పెరిగినవాళ్లే. ఆర్డిత్ కారు పక్కకొచ్చి ఆగితే షెరీఫు నడుం ఇప్పటికీ తనంతట తనే నిటారుగా అవుతుందని అతని భార్యే చెబుతుంది.

అలాంటి మనిషి చలికాలం శనివారాలు మాత్రం కూర్చునేది కాదు. ఊళ్లోని కాలేజీ జట్టు బాస్కెట్‌బాల్ ఆట మొదలైన క్షణం నుంచి చివరి బూర మోగేదాకా నిలబడే ఉండేది. డెబ్బై దాటాక కూడా అంతే.

"బతుకంతా కూర్చుని సంపాదించాను," అనేది అడిగినవాళ్లతో. "నాకు నచ్చిందీ కూర్చునే చూడమంటారా?"

ఆ కాలేజీ జట్టు పేరు హెరన్స్. అంటే కొంగలు. జెర్సీల మీద, గోడల మీద, తాగే కాగితపు గ్లాసుల మీద కూడా ఒంటికాలి మీద నిలబడ్డ కొంగే. "కొంగల జట్టుకి కూర్చునే అభిమానులేమిటర్రా!" అన్నది ఆర్డిత్ నోట తరచూ వినపడే మాట.

ఆటలు జరిగే పాత హాల్లో అయితే ఆ గొడవే లేదు. అక్కడన్నీ చెక్క బల్లలు. వీపు ఆనించడానికి ఏమీ లేదు, మోకాళ్లు ముందువాడి వీపుకి తగిలేవి. కూర్చోవడం కన్నా నిలబడడమే సుఖం. పొడుగాటి మనుషుల మోచేతుల సందుల్లోంచి ఆట చూడడం ఆర్డిత్ అక్కడే నేర్చుకుంది. ఆ హాలు పడగొట్టి కొత్తది కట్టాక మెత్తటి సీట్లొచ్చాయి. సీటు వెనక చిన్న ఇత్తడి రేకు, దాని మీద విరాళమిచ్చినవాళ్ల పేర్లు. సీట్లు మెత్తబడ్డాక జనం మోకాళ్లు కూడా మెత్తబడ్డాయని ఆర్డిత్ నమ్మకం.

పాతకాలపు ఆచారం ఒక్కటి మాత్రం మిగిలింది. తమ జట్టు మొదటి బాస్కెట్ వేసేదాకా హాల్లో ఎవరూ కూర్చోరు. ముసలివాళ్లు ముందు సీటు పట్టుకుని నిలబడతారు, చంటిపిల్లల్ని తల్లులు ఎత్తుకుంటారు. ఇది ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరూ తప్పనూ లేదు. బాస్కెట్ పడగానే ఒక పెద్ద కేక, ఆ వెంటనే హాలంతా సీట్లలో దిగబడే చప్పుడు. ఆ చప్పుడంటే ఆర్డిత్‌కి మంట. పిండి బస్తాలు దించినట్టుంటుంది అనేది.

ఆమె సీటు కింది అంతస్తులో చివరి నుంచి రెండో వరస. ఆమె వెనక వరసే ఆఖరుది. దాని వెనక సీట్లు లేవు, ఇనుప కటకటాలు, నడవా. ఆ ఆఖరి వరసలోకి కిందటి చలికాలం డ్వైట్ స్ట్రాట్‌మన్ అనే పళ్ల డాక్టరు, ఆయన భార్య మార్జీన్ వచ్చి చేరారు. ఆయన పని మానేసి ఇండియానాపొలిస్ నుంచి మార్లోకి మారాడు. ఆమెకి తుంటి ఎముకకి ఆపరేషనై చేతికర్రతో నడుస్తుంది.

మొదటిరోజే డ్వైట్ ముందుకి వంగాడు. "అమ్మా, మీరు కూర్చుంటే మేం ఆట చూస్తాం."

"మీరు నిలబడితే మీరూ చూస్తారు, డాక్టరుగారూ."

"నా భార్య అంతసేపు నిలబడగలిగే స్థితిలో లేదు."

ఆ మాట ఆర్డిత్‌కి తగిలింది. ఇంటికెళ్లి ఆ వారమంతా ఆలోచించింది. తర్వాతి ఆటకి ఒక ఉపాయంతో వచ్చింది. మార్జీన్ అప్పుడు బాత్రూము దగ్గర వరసలో ఉంది. డ్వైట్ ఒక్కడే ఉన్నాడు.

"మీ వెనక సీట్లు లేవు కదా. ఆవిణ్ణి నా సీట్లోకి రమ్మనండి, నేను మీ పక్కకొస్తాను. నా ముందువాళ్లు కూర్చునే చూస్తారు కనక ఆవిడకి అడ్డం ఉండదు. నేను నిలబడ్డా ఎవరికీ నొప్పి లేదు."

డ్వైట్ తన భార్య సీటు వెనక ఇత్తడి రేకు మీద చెయ్యి వేశాడు. "దీని మీద మా పేర్లున్నాయి. మా సీటు వదిలి మేమెందుకు కదలాలి?"

"అయితే నేనూ కదలను."

"కదలమనలేదు. కూర్చోమన్నాను."

"రెండూ ఒకటే నాకు," అంది ఆర్డిత్.

డ్వైట్ ఫిర్యాదు చేశాడు. మళ్లీ చేశాడు. రెండోసారికి కాలేజీ ఆఫీసువాళ్లు ఆమెని పిలిచారు. అక్కడ ట్రెంట్ అనే కుర్ర ఉద్యోగి దూది లాంటి గొంతుతో మాట్లాడాడు. మొదటి బాస్కెట్ దాకా నిలబడితే ఎవరూ కాదనరట, అది ఆచారమట. ఆ తర్వాత కూర్చోవాలి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే వచ్చే ఏడాది ఆమె సీటు మరొకరికి ఇచ్చేస్తారు.

మార్లోలో జనవరి, ఫిబ్రవరి నెలలు ఎలా ఉంటాయో ఆర్డిత్‌కి తెలుసు. బూడిదరంగు ఆకాశం, గడ్డకట్టిన మట్టి, అద్దాల మీద మంచు. ఆ మధ్యలో శనివారం ఆట లేకపోతే మనిషి దేనికోసం మంచం దిగాలి?

"మొదటి బాస్కెట్ పడ్డాక కూర్చుంటాను," అంది. "మాటంటే మాటే."

బయటికొచ్చి కారులో కూర్చుంది. కూర్చున్నందుకు కూడా ఒళ్లు మండింది.

ఆ శనివారం మధ్యాహ్నం నది అవతలి కాలేజీతో ఆట. అది పగవాళ్ల ఆట, హాలు కిటకిటలాడింది. మెట్ల దగ్గర ఆకుపచ్చ కోటు తొడుక్కుని గేలెన్ నిలబడి ఉన్నాడు. సీట్లు చూపించడం, గొడవలు సర్దడం అతని పని. యాభై ఏళ్లవాడు, బట్టతల. ఆర్డిత్ బస్సులో అందరికన్నా ఎక్కువసార్లు తిట్లు తిన్న ఘనత అతనిదే.

"మిస్ ఆర్డీ, ఈవేళ నా కొంప ముంచకండి."

"నీ కొంప నేనెందుకు ముంచుతాన్రా? ఇదిగో, పెర్సిమన్ పళ్ల పుడ్డింగు తెచ్చాను. తిను."

"తింటాను. తిన్నాక మిమ్మల్ని కూర్చోమంటాను. ఏమీ అనుకోవద్దు."

"నన్ను కూర్చోమనడానికి నీ గొంతు సరిపోతుందా?"

"ఎక్కడ సరిపోతుంది? రెండో క్లాసులో మీ కేకకి పోయిన గొంతు మళ్లీ రాలేదుగా."

ఆట మొదలైంది. హాలంతా నిలబడింది. మార్జీన్ కూడా కర్ర మీద ఆనుకుని లేచింది. నది అవతలివాళ్లు ఒకటి వేశారు, ఇంకొకటి వేశారు. కొంగలు వేసిందల్లా రింగు అంచుకి తగిలి బయటికొచ్చింది. బోర్డు మీద తమవైపు సున్నా అలాగే గుడ్లప్పగించి చూస్తోంది. జనం బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకున్నారు. ఎవరో వెనకనుంచి, "ఒరే అబ్బాయిలూ, మా పిక్కల మీద జాలి లేదా?" అని అరిస్తే చుట్టూ నవ్వారు. తొమ్మిది సున్నా అయ్యేసరికి ఆ నవ్వు కూడా పోయింది.

అప్పుడు తమ జట్టులో సెంటరు ఆడే పొడుగు కుర్రాడు బంతి పట్టుకుని ఎద్దులా లోపలికి దూసుకెళ్లాడు. ఎదురుగా కాళ్లు పాతుకుని నిలబడినవాణ్ణి గుండెల మీద గుద్దుతూనే బంతి పైకి విసిరాడు. బంతి వలలో పడింది. హాలు కప్పు లేచిపోయేలా కేక. ఆ కేకలో రెఫరీ ఈల ఎవరికీ వినిపించలేదు. పిండి బస్తాలన్నీ దిగిపోయాయి.

ఆర్డిత్ కూడా కూర్చోవడానికి వంగింది. ఒక చెయ్యి సీటు మీద ఆనించింది. అప్పుడు కనిపించాడు రెఫరీ, ఒక చెయ్యి తల వెనక పెట్టుకుని, రెండో చెయ్యి అవతలి వైపు చాచి. తప్పు మనవాడిదే. బాస్కెట్ చెల్లదు.

వంగిన మనిషి మళ్లీ నిటారుగా అయింది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఊళ్లో ప్రతివాడికీ తెలుసు. తొందరపడి కూర్చున్నందుకు నాలిక్కరుచుకుని మళ్లీ లేవాలి. కాని పిక్కలు లాగేస్తున్నాయి, జట్టు ఆట చూస్తే లేవబుద్ధి కావడం లేదు. ముందు పక్కవాడు లేస్తాడేమోనని ప్రతివాడూ చూశాడు. పక్కవాడూ అదే చూశాడు.

"బాస్కెట్ పడింది," అన్నాడు డ్వైట్ వెనకనుంచి. "మాటిచ్చారట కదా. కూర్చోండి."

"పడలేదు."

"నా కళ్లారా చూశాను."

"కళ్లారా బోర్డు కూడా చూడండి, డాక్టరుగారూ. అక్కడ ఎంతుంది?"

"అందరూ కూర్చున్నారు!"

"అందరూ తప్పు చేశారు."

డ్వైట్ చెయ్యి ఎత్తి గేలెన్‌ని పిలిచాడు. గేలెన్ కాళ్లీడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. బోర్డు వైపు చూశాడు, ఆర్డిత్ వైపు చూశాడు, పుడ్డింగు అంటిన వేళ్లు కోటుకి తుడుచుకున్నాడు.

"ఇది మూడో ఫిర్యాదు," అన్నాడు డ్వైట్. "రాసుకో."

"మిస్ ఆర్డీ..." అన్నాడు గేలెన్. గొంతు నిజంగానే సరిపోలేదు.

ఆర్డిత్ ఒకసారి తన సీటు వైపు చూసింది. మోకాళ్లు మడిస్తే చాలు, సీటు దక్కుతుంది. ఎవరూ తప్పనుకోరు. కాని ఆమె కూర్చుంటే, సున్నా దగ్గరున్న తమ పిల్లలకోసం ఇంత పెద్ద హాల్లో నిలబడిన మనిషి ఒక్కరూ ఉండరు. సీటు పోయినా బతకొచ్చు. ఇది తన కళ్లముందు జరగనిచ్చి బతకడం ఆమెకి చేతకాదు.

ఆట మీంచి కళ్లు తిప్పింది. హాలు నలువైపులా చూసి, బస్సు మానేశాక ఎన్నడూ వాడని గొంతు బయటికి తీసింది.

"వేడ్! లే! షెరీఫయితే నాకేం? లే! రోండా, ఆ పాప్‌కార్న్ కింద పెట్టు! పాస్టరుగారూ, మీకు వేరే చెప్పాలా? బోర్డు చూడండి! సిగ్గులేదూ? లేవండి!"

షెరీఫు వేడ్ లేచాడు. ఆలోచించి లేవలేదు, ముందు మోకాళ్లు లేచాయి, తర్వాత అతను లేచాడు. ఒళ్లో పాప్‌కార్న్ అంతా ఒలకబోసుకుంటూ, ఒకప్పుడు అదే బస్సెక్కిన రోండా లేచింది. పాస్టరు, మంగలి, బ్యాంకు మేనేజరు, వాళ్ల పిల్లలు, పక్క వరసలు, ఎదురు వరసలు. ఏం జరిగిందో తెలియనివాళ్లు కూడా లేచారు. ఆర్డిత్ నోట "లేవండి" అన్న మాట ఆ ఊరు పుట్టి బుద్ధెరిగాక వినలేదు మరి.

మార్జీన్ కర్ర నేలకి తాటించి లేచింది. కూర్చుని ఉన్నది డ్వైట్ ఒక్కడే. అతనికి ఇప్పుడు ఆర్డిత్ వీపే కాదు, ఊరందరి వీపులూ అడ్డమే.

ఆ హోరుకో, మరెందుకో, కొంగల్లో అందరికన్నా పొట్టివాడు దూరం నుంచి విసిరిన బంతి అంచు తాకకుండా వలలోకి జారింది. ఈసారి ఈల లేదు. సున్నా పోయింది. కేక, చప్పట్లు, ఆపైన బస్తాలు.

ఆర్డిత్ కూర్చుంది.

మాట ఇచ్చింది కనక కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బస్సులో బుద్ధిమంతురాలైన పిల్లలా. కాసేపటికి ముందువాళ్ల తలల మధ్య నుంచి ఆట కనిపించింది, కాని అది తన ఆటలా లేదు. కిటికీలోంచి ఎవరింట్లోదో పెళ్లి చూస్తున్నట్టుంది. ఊరికే తొడల్లో నరాలు అదురుతున్నాయి.

భుజం మీద ఏదో తగిలింది. చేతికర్ర.

"లేవండి," అంది మార్జీన్.

"మాటిచ్చానమ్మా."

"ఎందుకిచ్చారు?"

"మీకు ఆట కనపడటం లేదని మీవారు ఫిర్యాదు చేశారు కదా."

"నా పేరు చెప్పి చేశారా?" మార్జీన్ కర్ర వెనక్కి తీసుకుంది. "మరి నన్ను కిందికి రమ్మని, మీరు పైకి రావచ్చుగా? మా వెనక కటకటాలేగా ఉన్నది."

"ఆ సంగతి ఎప్పుడో అడిగాను."

"ఎవర్ని?"

ఆర్డిత్ చూపు డ్వైట్ మీదికి వెళ్లింది. మార్జీన్ నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది.

"నన్నడగాలనిపించలేదా మీకు?"

"అది మన పేరున్న సీటు, మార్జీన్..."

"దాని మీద రెండు పేర్లున్నాయి. ఒకటి నాది. నా సీటు ఈవిడకిచ్చాను. నా పేరు చెప్పి చేసిన ఫిర్యాదు నేనే వెనక్కి తీసుకుంటున్నాను. గేలెన్, విన్నావా?"

"విన్నానండీ," అన్నాడు గేలెన్. అంత గట్టిగా అతను ఆ హాల్లో ఎప్పుడూ మాట్లాడలేదు. వచ్చి చెయ్యి అందించాడు. మార్జీన్ ఒక మెట్టు దిగి ఆర్డిత్ సీట్లో సర్దుకుని, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుంది.

"అబ్బ, ఎంత బాగా కనిపిస్తోంది!" అంది తనలో తను.

ఆర్డిత్ పైకెక్కి డ్వైట్ పక్కన నిలబడింది. వెనక కటకటాలకి ఆనుకుని ఇద్దరు మనుషులు బన్నుల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన పంది మాంసం శాండ్‌విచ్‌లు తింటూ ఆట చూస్తున్నారు. వాళ్లూ నిలబడే ఉన్నారు.

డ్వైట్ తలెత్తి ఆమె వైపు చూశాడు. "ఆట అయ్యేదాకా ఇలాగేనా?"

"ఇలాగే."

"వచ్చే శనివారం?"

"వచ్చే ఏడాది కూడా."

కింద కొంగలు ఒక్కొక్క బాస్కెట్టే వేస్తూ అవతలివాళ్లని అందుకుంటున్నారు. ఆ పొట్టివాడు బంతి లాక్కుని ఒంటరిగా పరుగెత్తాడు. హాలంతా హోరెత్తింది. మార్జీన్ కర్రతో నేల వాయించింది. డ్వైట్‌కి తెలియకుండానే పిరుదులు సీటుని వదిలాయి, నడుం వంగి, మోకాళ్లు మడిచి, రెండు చేతులూ గాల్లో పెట్టి అలా మధ్యలో ఉండిపోయాడు.

ఆర్డిత్ తల తిప్పలేదు. బస్సులో అయినా ఎప్పుడు తిప్పింది కనక?

"లేస్తే పూర్తిగా లేవండి, డాక్టరుగారూ. లేకపోతే కూర్చోండి. బస్సులో కిందపడేది ఎప్పుడూ సగం లేచినవాడే."

అతను ఏం చేశాడో ఆమె చూడలేదు. ఆట చూస్తోంది.